కోర్టు పంపే డొమెస్టిక్ వయొలెన్స్ క్లాసులు: కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలు

గృహహింస కేసులో దోషిగా తేలిన మనిషిని కాలిఫోర్నియా కోర్టులు 52 వారాల క్లాసుకు పంపుతుంటాయి. ఆ క్లాసుకు వెళ్ళాల్సిన మనిషి ఈ ప్రశ్నలు అడగడం అరుదు. ఫోన్ చేసేది ఊళ్ళో ఉన్న తండ్రో, వేరే రాష్ట్రంలో ఉన్న బావమరిదో, అదే ఆఫీసులో పనిచేసే స్నేహితుడో. ఎప్పుడైనా ఒకసారి భార్య. అందుకే ప్రశ్నలు ఒక్కోటీ ఒక్కో గొంతుతో ఉంటాయి. వాటిని సరిచేయకుండా అలాగే ఉంచాను. నేను లాయర్‌ని కాను. ఇక్కడ చెప్పేది కాలిఫోర్నియా చట్టం గురించి. మిగతా రాష్ట్రాల్లో లెక్కలు వేరు.

కౌన్సెలింగ్ అంటున్నారు కదా. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారా?

మాట్లాడరు. అందరికంటే ముందు, అందరూ పొరబడేది ఇక్కడే. మనకు కౌన్సెలింగ్ అనగానే మహిళా పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. అటు వాళ్ళు నలుగురు, ఇటు వాళ్ళు నలుగురు, మధ్యలో ఒక మేడమ్, "సర్దుకుపోండమ్మా" అనే మాట. ఇండియాలో 2005 గృహహింస చట్టం 14వ సెక్షన్ కూడా భార్యాభర్తలను విడివిడిగా గానీ కలిపి గానీ కౌన్సెలింగ్‌కు పంపే అధికారం మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది.

కాలిఫోర్నియా దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళింది. పీనల్ కోడ్ 1203.097 సెక్షన్ ప్రకారం ఈ ప్రోగ్రాంలో దంపతుల కౌన్సెలింగ్ గానీ, కుటుంబ కౌన్సెలింగ్ గానీ ఉండకూడదు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కొట్టిన మనిషి పక్కనే కూర్చుని ఉంటే కొట్టించుకున్న మనిషి నిజం చెప్పలేదు. ఒకవేళ ధైర్యం చేసి చెప్పినా, తిరుగు ప్రయాణంలో కారెక్కగానే ఆ మాటకు లెక్క మొదలవుతుంది. పైగా ఇద్దరినీ కూర్చోబెడితే "మీ ఇద్దరి మధ్య సమస్య" అన్నట్టవుతుంది. కోర్టు లెక్కలో ఇది ఇద్దరి సమస్య కాదు, ఒకరు చేసిన నేరం. క్లాసు ఆ ఒక్కరికే.

అరెస్టయితే చాలు, క్లాసుకు పంపేస్తారా?

లేదు. దోషిగా తేలాలి, లేదా నేరం ఒప్పుకోవాలి. చాలా కేసులు విచారణ దాకా వెళ్ళకుండా ప్లీ (నేరం ఒప్పుకునే ఒప్పందం) దగ్గరే తేలిపోతాయి. సాధారణంగా వినపడే సెక్షన్లు రెండు. గాయం కనిపిస్తే 273.5, గాయం లేకపోయినా చెయ్యి చేసుకుంటే 243(e)(1). మొదటిదానికి నాలుగేళ్ళ దాకా జైలు పడొచ్చు, రెండోదానికి ఏడాది దాకా. జైలుకు బదులు ప్రొబేషన్ ఇస్తే, అంటే కోర్టు షరతుల మీద బయట ఉండనిస్తే మాత్రం క్లాసు తప్పదు. ప్రొబేషన్ కనీసం 36 నెలలు. దానితోపాటు భార్యకు రక్షణగా ప్రొటెక్టివ్ ఆర్డర్ కూడా వేస్తారు.

పోలీసులను పిలిచింది మా కోడలే. ఇప్పుడు తనే వద్దంటోంది. కేసు వెనక్కి తీసుకుంటే క్లాసు కూడా పోతుంది కదా?

కేసు ఆమెది కాదండీ, ప్రభుత్వానిది. కాగితం మీద వాది పేరు చూడండి, "కాలిఫోర్నియా రాష్ట్ర ప్రజలు" అని ఉంటుంది. నడపాలా ఆపాలా అనేది ప్రాసిక్యూటర్ ఇష్టం. ఆమె సాక్షి మాత్రమే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కలవకూడదు, మాట్లాడకూడదు అనే ఆర్డర్ ఉన్నప్పుడు మధ్యవర్తితో కబురు పంపినా ఆర్డర్ మీరినట్టే. "మేం పెద్దవాళ్ళం, మేం మాట్లాడితే తప్పేంటి" అంటూ కోడలికి ఫోన్ చేసి కేసు గురించి నచ్చజెప్పబోతే, ఆ ఫోన్ రేపు మీ అబ్బాయి మెడకే చుట్టుకుంటుంది. ఆమే తనంతట తాను అబ్బాయికి ఫోన్ చేసినా సరే, ఎత్తితే తప్పు ఎత్తినవాడిదే. ఆర్డర్ మార్చగలిగేది జడ్జి ఒక్కరే.

52 వారాలు మరీ ఎక్కువ కదా? మంచి లాయర్‌ని పెడితే తగ్గుతుందా?

ఇది జడ్జి దయ మీద ఆధారపడిన అంకె కాదు, చట్టంలోనే ఉంది. వారానికి ఒక క్లాసు, ఒక్కోటీ కనీసం రెండు గంటలు, ఏడాదికి తగ్గకూడదు. శిక్ష పడిన 30 రోజుల్లో చేరినట్టు కోర్టుకు రుజువు చూపాలి. మొత్తం 18 నెలల్లో పూర్తి చేయాలి. వారం విడిచి వారం వెళ్ళడం, ఒకే వారంలో మూడు క్లాసులు కూర్చుని త్వరగా వదిలించుకోవడం లాంటివి కుదరవు. సరైన కారణం చూపిస్తే మొత్తం మీద మూడు క్లాసుల దాకా గైర్హాజరుకు ఒప్పుకుంటారు. మూడు నెలలకోసారైనా ప్రోగ్రాం నుంచి కోర్టుకు రిపోర్టు వెళ్తుంది.

ఇతర రాష్ట్రాల్లో ఇంత పొడవు ఉండకపోవచ్చు. ఫ్లోరిడాలో 29 వారాలు, అందులో 24 క్లాసులు. కొలరాడో అయితే వారాల లెక్కే వదిలేసి, మనిషిని బట్టి, ప్రమాదాన్ని బట్టి ఎంతకాలమో నిర్ణయిస్తుంది. "మా కజిన్‌కి అక్కడ అయిదారు నెలల్లో అయిపోయింది" అని ఎవరైనా చెబితే అది నిజమే అయ్యుండొచ్చు, కానీ కాలిఫోర్నియా కేసుకు దానితో పని లేదు.

మధ్యలో ఇండియా వెళ్ళాలి. అమ్మకు ఆపరేషన్.

టికెట్ కొనకముందే ఇద్దరిని అడగాలి. ప్రోగ్రాం వాళ్ళను, కోర్టును. ప్రొబేషన్ ఆఫీసర్ ఉంటే ఆయన్ని కూడా. హాస్పిటల్ కాగితాలు దగ్గర పెట్టుకోండి. గైర్హాజరుకు ఒప్పుకునేది మూడు క్లాసులకే కాబట్టి రెండు వారాల ప్రయాణం ఒకటి కుదురుతుంది, రెండోది కష్టం. చెప్పకుండా వెళ్ళొచ్చి "ఎమర్జెన్సీ అండీ" అంటే, ఆ ఎమర్జెన్సీ నిజమైనా నమ్మరు. వీసా మీద ఉన్నవాళ్ళు అసలు దేశం దాటొచ్చా లేదా అనేది వేరే ప్రశ్న, దాని సంగతి కింద చెప్పాను.

ఆన్‌లైన్‌లో చేయొచ్చా? తెలుగులో ఉంటుందా?

కరోనా సమయంలో చాలా చోట్ల వీడియో క్లాసులు వచ్చాయి. మీ కేసులో వీడియో ఒప్పుకుంటారా లేదా అనేది కోర్టు చెప్పాలి. ఒకటి మాత్రం ఖాయం. ప్రోగ్రాంకు ఆ కౌంటీ ప్రొబేషన్ శాఖ అనుమతి ఉండాలి. గూగుల్‌లో కనిపించే "ఒక్క రోజులో సర్టిఫికెట్" సైట్లకు డబ్బు కట్టి, తర్వాత మళ్ళీ మొదటి వారం నుంచి మొదలుపెట్టిన వాళ్ళు ఉన్నారు. ముందు ప్రొబేషన్ శాఖ జాబితా తీసుకోండి, అందులోంచే ఎంచుకోండి.

తెలుగు గ్రూపు దొరకడం అరుదు. ఇంగ్లీషు, స్పానిష్ గ్రూపులు ఎక్కువ. ఇంగ్లీషు బాగా వచ్చిన మనవాళ్ళు కూడా మొదట్లో నోరు విప్పరు. ఆఫీసు ఇంగ్లీషు వేరు, "ఆ రాత్రి నేనేం చేశానంటే" అని చెప్పుకునే ఇంగ్లీషు వేరు.

వాడికి కోపం ఎక్కువ, అంతే. యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసు సరిపోదా?

సరిపోదు. కోర్టు ఒప్పుకోకపోవడం ఒక కారణం. అసలు కారణం అది కాదు.

ఆ కోపిష్టి మనిషినే ఆఫీసులో చూడండి. మేనేజర్ అందరి ముందు అవమానించాడు, డెడ్‌లైన్ ముందుకు జరిపాడు, ప్రమోషన్ పక్కవాడికి ఇచ్చాడు. ఎప్పుడైనా మేనేజర్ మీద ప్లేటు విసిరాడా? రోడ్డు మీద పోలీసు ఆపితే చొక్కా పట్టుకున్నాడా? లేదు. అక్కడ కోపం ఎంత వచ్చినా చెయ్యి ఆగింది. ఇంట్లో ఆగలేదు. చెయ్యి ఆపడం రాని మనిషైతే ఎక్కడా ఆగకూడదు కదా. అంటే ఇది అదుపు తప్పిన కోపం కాదు. ఎవరి మీద చూపితే ఏమీ కాదో లెక్క తెలిసిన కోపం.

ఈ క్లాసు పట్టుకునేది ఆ లెక్కనే. "నా భార్య కాబట్టి నాకు హక్కుంది" అనే నమ్మకాన్ని. ఎన్ని నిమిషాలు శ్వాస మీద ధ్యాస పెట్టినా ఆ నమ్మకం కదలదు. క్లాసులో ఏం ఉండాలో చట్టం కూడా చెప్పింది. ఆడ, మగ పాత్రల గురించి మనకు చిన్నప్పటి నుంచి నేర్పినవి, హింస స్వభావం, అధికారం, అదుపు, పిల్లల మీద పడే ప్రభావం. కోపం ఎలా తగ్గించుకోవాలో నేర్పినా అది ఒక చిన్న భాగమే.

సరే, లోపల రెండు గంటలు ఏం చేస్తారు?

ఒక గదిలో గుండ్రంగా కుర్చీలు. క్లాసు నడిపే ఫెసిలిటేటర్లు ఒకరో ఇద్దరో. కొత్తగా వచ్చినవాడి పక్కన నలభయ్యో వారంలో ఉన్నవాడు కూర్చుంటాడు. ట్రక్కు నడిపేవాడు, రెస్టారెంటు ఓనరు, మన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అందరూ ఒకే వరుసలో. "నేను వీళ్ళలాంటి వాడిని కాదు" అని మొదటి నెల ప్రతి ఒక్కడూ అనుకుంటాడు. పక్కవాడు కూడా అదే అనుకుంటున్నాడని తెలియడానికి ఇంకో నెల పడుతుంది.

చాలా ప్రోగ్రాంలలో ఒక చక్రం బొమ్మ ఇస్తారు. పవర్ అండ్ కంట్రోల్ వీల్ అంటారు. మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ అనే ఊళ్ళో, 1980ల మొదట్లో, దెబ్బలు తిన్న ఆడవాళ్ళు చెప్పిన అనుభవాలను పట్టుకుని గీసిన బొమ్మ అది. చక్రం అంచు మీద కొట్టడం, లైంగిక హింస ఉంటాయి. లోపలి ఆకుల మీద మిగతావన్నీ. బెదిరించడం, కించపరచడం, ఒంటరిని చేయడం, డబ్బు చేతికివ్వకపోవడం, పిల్లలను అడ్డుపెట్టుకోవడం, మగవాణ్ణనే పెత్తనం, "అంతేం జరగలేదు" అని కొట్టిపారేయడం.

బొమ్మ అమెరికాది కావచ్చు, ఆకులు మాత్రం మనవే. పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టి తాళం వేయడం. "నోరు మూసుకో, రేపే ఇండియా ఫ్లైటెక్కిస్తా" అనడం. భర్త హెచ్-1బి మీద ఆధారపడే హెచ్-4 వీసాతో వచ్చిన అమ్మాయికి డ్రైవింగ్ నేర్పకుండా నెలల తరబడి సాకులు చెప్పడం. అమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టమనడం. కిరాణా బిల్లు కూడా వాట్సాప్‌లో ఫోటో తీసి పంపమనడం. వీటిలో ఒక్కదానికీ పోలీసులు రారు. కానీ ఆ చెంపదెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే ఇవే దొరుకుతాయి.

వారం వారం పని ఏమిటంటే, జరిగిన ఒక సంఘటన తీసుకుని, "ఆమె అలా అంది కాబట్టి" అనే ముక్క లేకుండా చెప్పడం. చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. "గొడవ జరిగింది, ఆమె కింద పడింది" అంటే ఫెసిలిటేటర్ ఆపుతారు. గొడవ దానంతటదే జరగలేదు, ఆమె తనంతట తాను పడలేదు. "నేను తోశాను" దాకా రావాలి. మన భాషలో ఈ తప్పించుకోవడం ఇంకా సుళువు. "చెయ్యి జారింది", "నోరు జారింది" అంటాం. జారినట్టే ఉంటుంది, ఎవరూ చేయనట్టే ఉంటుంది.

నేను చేయలేదు, లాయర్ చెప్పాడని ఒప్పుకున్నా. లోపల కూడా చేశానని అనాలా?

ఇది చిక్కు ప్రశ్నే. కోర్టు దృష్టిలో ఆ విషయం తేలిపోయింది. 52 వారాలూ "నేను నిర్దోషిని" అని వాదిస్తూ కూర్చుంటే ప్రోగ్రాం మీకు పనికిరాదని చెప్పి వెనక్కి పంపే హక్కు వాళ్ళకుంది. అపీలు లాంటిది ఏదైనా నడుస్తుంటే ఏం మాట్లాడాలో ముందే లాయర్‌తో తేల్చుకోండి. అలాంటిదేమీ లేకపోతే, ఆ రాత్రి సంగతి పక్కన పెట్టి, పెళ్ళైన దగ్గర్నుంచి ఇంట్లో చివరి మాట ఎవరిదో ఆలోచించడం మొదలుపెట్టండి. అందులో పని చాలా ఉంటుంది.

అక్కడ చెప్పినవి బయటికి పోతాయా? మనవాళ్ళెవరైనా కనిపిస్తే?

తోటివారి గురించి బయట మాట్లాడనని ప్రతి ఒక్కరూ సంతకం చేస్తారు. కాబట్టి మనవాడు కనిపించినా అతనూ మీలాగే నోరు కట్టేసుకున్నవాడే. ప్రోగ్రాం మాత్రం కోర్టుకు చెప్పాల్సినవి చెబుతుంది. హాజరు, ఫీజు, నియమాలు పాటిస్తున్నారా లేదా, చివర్లో ఒక మూల్యాంకనం. మళ్ళీ కొట్టినట్టు గానీ, ప్రొటెక్టివ్ ఆర్డర్ మీరినట్టు గానీ తెలిస్తే వెంటనే రిపోర్టు చేయాలి. తాగి వస్తే లోపలికి రానివ్వరు.

ఖర్చు?

క్లాసు ఫీజు కట్టాల్సింది క్లాసుకు వెళ్ళే మనిషే, ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది. అది కాక కోర్టుకు కనీసం 500 డాలర్ల ఫీజు ఒకటి ఉంటుంది. కట్టలేని స్థితి అని జడ్జికి నమ్మకం కుదిరితే తగ్గించొచ్చు, మాఫీ చేయొచ్చు.

హెచ్-1బి మీద ఉన్నాడు. క్లాసు బుద్ధిగా చేసేస్తే వీసాకు ఏమీ కాదంట కదా?

ఈ "అంట"తోనే చాలా జీవితాలు తలకిందులయ్యాయి. క్లాసు క్రిమినల్ కోర్టుకు సంబంధించింది. ఇమ్మిగ్రేషన్ వేరే లోకం. ఫెడరల్ చట్టం ప్రకారం గృహహింస నేరంలో శిక్ష పడటం, ప్రొటెక్టివ్ ఆర్డర్ మీరడం, రెండూ దేశం నుంచి పంపేయడానికి కారణాలు కావచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు కూడా. నేరం ఒప్పుకుని క్లాసు చేస్తే తర్వాత కేసు కొట్టేస్తామనే ఒప్పందాలు కొన్ని చోట్ల ఉంటాయి. ఇమ్మిగ్రేషన్ మాత్రం ఆ ఒప్పుకోలునే శిక్షగా లెక్కేస్తుంది. ప్రొబేషన్ అయ్యాక కాలిఫోర్నియాలో 1203.4 కింద రికార్డు శుభ్రం చేయించుకున్నా ఇమ్మిగ్రేషన్‌కు అది చెరగదు.

ఏ సెక్షన్ కింద ఒప్పుకున్నారు, కాగితంలో ఏ పదాలున్నాయి అనేదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే ప్లీకి ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్ళాలి, తర్వాత కాదు. ప్లీ వల్ల దేశం విడిచి పోవాల్సి రావచ్చా అనేది క్రిమినల్ లాయర్ తన క్లయింటుకు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అడగడం మీ హక్కు. దేశం దాటే ప్రయాణం కూడా ఆ లాయర్‌ను అడిగాకే. ఇంకో సంగతి, 1996 నుంచి ఉన్న ఫెడరల్ చట్టం ప్రకారం చిన్న నేరంగా శిక్ష పడినా తుపాకీ ఉంచుకోకూడదు.

ఆడవాళ్ళకు కూడా ఈ క్లాసులు ఉంటాయా?

ఉంటాయి. చట్టం ఆడ, మగ తేడా చూడదు. గ్రూపులు మాత్రం విడివిడిగా పెడతారు.

నేను భార్యను. ఆయన క్లాసుకు వెళ్తున్నాడో లేదో నాకెలా తెలుస్తుంది? నేనూ వెళ్ళాలా?

మీరు వెళ్ళక్కర్లేదు. మిమ్మల్ని పంపే అధికారం ఈ కేసులో ఎవరికీ లేదు. ఆయన ఏం చేయాల్సి ఉందో, మీకు ఏ సాయం అందుబాటులో ఉందో ప్రోగ్రాం మీకు తెలియజేయాలి. అప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలని చట్టంలో ఉంది. ఏ క్లాసుకు వెళ్ళినా, ఆ మనిషి మళ్ళీ హింసకు దిగడనే హామీ లేదని. ప్రభుత్వమే రాసుకున్న ఈ ఒక్క వాక్యాన్ని అత్తమామలకు చదివి వినిపించాలనిపిస్తుంది నాకు చాలాసార్లు.

హెచ్-4 మీద ఉండి భయపడుతుంటే, హింసకు గురైన హెచ్ వీసా వాళ్ళ జీవిత భాగస్వాములకు పని అనుమతి అడిగే దారి చట్టంలో ఉంది. పోలీసులకు సహకరించే నేర బాధితులకు ఇచ్చే యు వీసా అనేది ఇంకొకటి. నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, దుబాసీని అడగొచ్చు. దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం బే ఏరియాలో మైత్రి, హ్యూస్టన్‌లో దయా, న్యూజెర్సీలో మానవి ఉన్నాయి. మానవి 1985 నుంచీ ఉంది. ఆయన చూడని ఫోన్ నుంచి చేయండి.

అసలు ఈ క్లాసులతో ఎవరైనా మారతారా?

కొందరు మారతారు. అందరూ మారరు. అమెరికా న్యాయశాఖకు చెందిన పరిశోధన సంస్థ 2003లో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రోగ్రాంల మీద ఫలితాలు ప్రచురించింది. గొప్పగా చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. బ్రోవర్డ్‌లో ఒకటి తేలింది. ఉద్యోగం, సొంత ఇల్లు లాంటివి ఉండి, పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్నవాళ్ళు మళ్ళీ అరెస్టవడం తక్కువ. అంటే క్లాసు ఒక్కటే పని చేయదు. మానేసిన వారమే కోర్టు పిలిచి అడిగితేనే దానికి పళ్ళుంటాయి.

నా మటుకు నేను చూసే గుర్తు ఒకటుంది. మనిషి ఎన్ని వారాలు అయ్యాయో చెబుతున్నాడా, లేక తను చేసినదాని గురించి చెబుతున్నాడా. "ముప్పై అయిపోయాయి, ఇంకా ఇరవై రెండు" అనేవాడు హాజరు వేయించుకుంటున్నాడు. "ఆ రోజు పాప తలుపు చాటు నుంచి చూస్తోందని నాకు అప్పుడు తెలియదు" అనేవాడు ఎక్కడో మొదలుపెట్టాడు. ఇది కూడా పూర్తిగా నమ్మదగిన గుర్తు కాదు. మాటలు నేర్చుకోవడం మనవాళ్ళకు త్వరగా వస్తుంది. క్లాసు భాషనే తెచ్చి భార్య మీద వాడి, "నువ్వే నన్ను కంట్రోల్ చేస్తున్నావ్" అనేవాళ్ళు ఉన్నారు.

మధ్యలో మానేస్తే?

ప్రొబేషన్ మీరినట్టు. జడ్జి ముందు నిలబడాలి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమనొచ్చు, జైలుకు పంపొచ్చు. ఉద్యోగం పోయి ఫీజు కట్టలేకపోతే మానేయకుండా ఆ మాటే వెళ్ళి చెప్పండి. అందుకే ఫీజు తగ్గించే ఏర్పాటు ఉంది.

52 అయిపోయాయి. సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా?

సర్టిఫికెట్‌కూ ఇంటికీ సంబంధం లేదు. ప్రొబేషన్ కనీసం మూడేళ్ళు, క్లాసు ఏడాది, ఏడాదిన్నర. ప్రొటెక్టివ్ ఆర్డర్‌కు దాని తేదీ దానికి ఉంటుంది. క్లాసు పూర్తయిందని అది దానంతటదే రద్దు కాదు. సామాన్ల కోసం వెళ్ళాలన్నా, పాపను స్కూలు నుంచి తేవాలన్నా ఆ ఆర్డర్‌లో ఏం రాసుందో అదే. "శాంతియుతంగా మాట్లాడొచ్చు" అనే రకమా, "అసలు దగ్గరికి వెళ్ళకూడదు" అనే రకమా చూసుకోండి. మార్చమని లాయర్ ద్వారా కోర్టును అడగొచ్చు. అప్పుడు జడ్జి ఆమె ఏమనుకుంటోందో కూడా వింటారు. ఆమె వద్దంటే ఆ 52 సంతకాలు చూపించి వాదించకండి.